విప్పిన చేత్తోనే బిగించిన మనిషి – జి.డి. నాయుడుగారు



ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవిత చరిత్ర రాసి ఇవ్వమని మన కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. దేశ నాయకుల గురించీ, కవుల గురించీ రాయగలిగినవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ఎవరి గురించి రాయాలా అని నాలుగు రోజులు ఆలోచించాను. ఆ ఆలోచనలో ఉండగానే హిందూపురంలో ఒక మెకానిక్ షెడ్డులో రెండు గంటలు కూర్చోవలసి వచ్చింది. అక్కడ చూసిన ఒక చిన్న పని నాకు కోయంబత్తూరు జి.డి. నాయుడుగారిని గుర్తుకు తెచ్చింది. కనుక ఆ పనితోనే మొదలుపెడతాను.

మా అల్లుడిగారి కారు ఆగి ఉన్నప్పుడు కూడా వణుకుతోంది. లేపాక్షి నుంచి హిందూపురం వరకు 15 కిలోమీటర్లు ఆ వణుకుతోనే వెళ్లాము. మేస్త్రీ బానెట్ ఎత్తి, ఇంజను ముందు భాగంలో బెల్టు తిరిగే చక్రాన్ని చూపించాడు. షెడ్డుల్లో దాన్ని క్రాంకు పుల్లీ అంటారు. పుస్తకాల్లో హార్మోనిక్ బ్యాలెన్సర్ అని పేరు. పైకి ఒకటే ఇనుప ముక్కలా కనిపిస్తుంది గానీ అందులో మూడు భాగాలున్నాయి. మధ్యలో క్రాంకు షాఫ్టు మీదికి ఎక్కే బొడ్డు, బయట బరువైన ఇనుప కట్టు, ఆ రెంటికీ నడుమ రబ్బరు.

సిలిండరులో పెట్రోలు మండిన ప్రతిసారీ క్రాంకు షాఫ్టు మీద దెబ్బ పడుతుంది. ఎంత గట్టి ఉక్కు అయినా ఆ దెబ్బకు వెంట్రుకవాసి మెలిపడి, మళ్లీ వెనక్కు వస్తుంది. కొన్ని వేగాల దగ్గర ఆ దెబ్బ, ఈ మెలిక ఒకే లయలో పడతాయి. ఊయలను సమయం చూసి తోస్తే ఊపు పెరిగినట్టు అప్పుడు వణుకు పెరుగుతూ పోతుంది. ఏమీ చేయకుండా వదిలేస్తే చివరికి షాఫ్టు విరిగినా విరగవచ్చు. బయటి ఇనుప కట్టు తన బరువుకొద్దీ ఒకే తీరుగా తిరుగుతూ ఉంటే, నడుమ ఉన్న రబ్బరు ఆ మెలికను తనలోకి తీసుకుని అణచివేస్తుంది. ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు 1910 ప్రాంతంలో ఇటువంటి సాధనానికి తొలి రూపం ఇచ్చాడు. మా కారులో ఆ రబ్బరు ఎండి పగిలిపోయింది.

మేస్త్రీ పుల్లరు పెట్టి పాతదాన్ని లాగేశాడు. కొత్తదాన్ని ఎక్కించమని కుర్రవాడికి చెప్పి ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. కుర్రవాడు దాన్ని షాఫ్టు కొనకు ఆనించి సుత్తి అందుకున్నాడు. మేస్త్రీ దూరం నుంచే కేక వేసి ఆపాడు. దగ్గరకు వచ్చి, సుత్తితో కొడితే రబ్బరు ఊడిపోతుందని, ఆ దెబ్బ లోపలి బేరింగు దాకా పోతుందని చెప్పాడు. ఆ తరువాత తానే చేసి చూపించాడు. షాఫ్టు కొనను గుడ్డతో తుడిచి, ఆయిల్ సీలు ఆనే చోట కాస్త నూనె రాశాడు. షాఫ్టుకున్న కీ, పుల్లీకున్న గాడి సరిగ్గా కలిసేటట్టు నిలిపాడు. పొడుగు బోల్టు ఉన్న సాధనాన్ని షాఫ్టు మరలోకి ఎక్కించి, నట్టును ఒక్కొక్క చుట్టుగా బిగిస్తూ పోతే పుల్లీ తనంతట తాను వంకర లేకుండా లోపలికి జరిగింది. చివరి బోల్టును కారు పుస్తకంలో రాసిన లెక్క ప్రకారం టార్కు రెంచితో బిగించాడు. ఇంజను స్టార్టు చేస్తే వణుకు లేదు.

విప్పడం సులభం, బిగించడంలోనే విద్య ఉందని నాకు అప్పుడు అనిపించింది. లేపాక్షి వాడికి ఈ మాట కొత్త కాదు. మన వీరభద్రస్వామి ఆలయంలో వేలాడే స్తంభం ఉంది కదా. తెల్లదొరల కాలంలో ఒక ఇంజనీరు దాని గుట్టు తెలుసుకోవాలని కదిలించబోయాడని, మంటపం కప్పు కూడా కదలడం చూసి భయపడి వదిలేశాడని మన పెద్దలు చెబుతారు. విప్పాలన్న కోరిక ఆయనకుంది. తిరిగి బిగించే దారి తెలియలేదు. ఆ రెండూ తెలిసిన మన తెలుగువాడే జి.డి. నాయుడుగారు.

బాల్యము

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. ఇంట్లో మాట్లాడే భాష తెలుగు. విజయనగర రాజుల కాలంలోనూ, నాయక రాజుల కాలంలోనూ తెలుగు కుటుంబాలు ఎన్నో దక్షిణాదికి తరలి వెళ్లి, కొంగునాడు నల్లరేగడి భూముల్లో స్థిరపడ్డాయి. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత మన పెనుకొండే ఆ రాజ్యానికి రాజధాని అయిందన్న సంగతి మన సభ్యులకు గుర్తు చేయనక్కరలేదు. కనుక కోయంబత్తూరు తెలుగువారు మనకు పరాయివారు కారు.

నాయుడుగారికి తల్లి చిన్నతనంలోనే పోయింది. బడి అంటే ఆయనకు సరిపడలేదు. మూడో తరగతి దాటలేదు. పాఠం చెప్పే అయ్యవారి ముఖాన ఇసుక చల్లి పారిపోయేవారని కథలుగా చెబుతారు. తండ్రి పొలం పనికి పంపారు. పొలంలో ఉన్నా ఆయన చదువు మానలేదు. చేతికి అందిన తమిళ పుస్తకాలు చదువుకుంటూ తనకు తానే గురువు అయ్యారు.

మోటారు సైకిలు

ఒకనాడు ఆ పల్లెకు ఒక తెల్ల అధికారి మోటారు సైకిలు మీద వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి తనంతట తాను పరుగెత్తుతోంది. ఆ దృశ్యం కుర్రవాడైన నాయుడుగారి మనస్సులో నాటుకుపోయింది. అటువంటి బండి కొనాలంటే డబ్బు కావాలి. ఆయన కోయంబత్తూరు చేరి ఒక హోటలులో సర్వరుగా కుదిరారు. జీతంలో పైసా పైసా కూడబెట్టి, కొన్నేళ్లకు 300 రూపాయలు పోగుచేసి, ఒక తెల్లదొర దగ్గర అటువంటి మోటారు సైకిలునే కొన్నారని చెబుతారు.

ఇక్కడే ఆయన జీవితం మలుపు తిరిగింది. ఇంకొకరైతే ఆ బండి మీద ఊరేగేవారు. నాయుడుగారు దాన్ని ఇంటికి తెచ్చి మొత్తం విప్పేశారు. ప్రతి ముక్కను తుడిచి, ఏది దేనికి ఆని ఉందో, ఎందుకు ఉందో చూసుకుని, మళ్లీ యథాప్రకారం బిగించారు. బండి నడిచింది. ఇంజనీరింగు కళాశాల గడప తొక్కని మనిషికి అదే కళాశాల అయింది. ఆ తరువాత మెకానిక్కుగా జీవితం మొదలైంది.

నడుమ ఒక దెబ్బ కూడా తగిలింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో తిరుప్పూరులో పత్తి వ్యాపారం చేసి బాగా సంపాదించారు. ఆ ధైర్యంతో బొంబాయి పత్తి బజారులో దిగి, సంపాదించినదంతా పోగొట్టుకుని తిరిగి వచ్చారు. తనకు తెలిసిన విద్య వదిలి తెలియని వ్యాపారంలో పడితే ఏమవుతుందో ఆయనకు అప్పుడే తెలిసివచ్చింది. మళ్లీ ఇంజను దగ్గరకే వచ్చారు.

బస్సుల యజమాని

కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే దొర ఉండేవాడు. కాఫీ, మోటారు వ్యాపారాల్లో పెద్ద పేరు. ఆయన ఈ కుర్రవాడి పనితనం చూసి, వాయిదాల మీద ఒక బస్సు ఇప్పించాడు. 1920లో నాయుడుగారు పొల్లాచ్చి నుంచి పళనికి ఆ బస్సు నడిపారు. డ్రైవరు ఆయనే, మెకానిక్కూ ఆయనే. ఆ ఒక్క బస్సు 13 ఏళ్లలో యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థ అయింది. యు.ఎం.ఎస్. అంటే ఆ ప్రాంతంలో తెలియనివారు లేరు. రెండు వందలకు పైగా బస్సులు ఉండేవి. దేశంలోనే చక్కగా నడిచే బస్సు సర్వీసులలో అది ఒకటని పేరు వచ్చింది.

బస్సు సమయానికి బయలుదేరాలి, సమయానికి చేరాలి, దారిలో ఆగిపోకూడదు. ఆయన పట్టుదల ఇదే. సమయం తప్పకపోవడం అదృష్టం మీద జరిగేది కాదు. షెడ్డులో ఇంజను ఎలా విప్పారు, ఎలా బిగించారు అన్నదాని మీదే రోడ్డు మీది సమయం ఆధారపడి ఉంటుంది. బస్సులో కూర్చున్నవారికి షెడ్డు కనబడదు. కానీ షెడ్డులో ఒక నట్టు వదులైతే ఆ సంగతి ముందుగా తెలిసేది వారికే.

కనిపెట్టినవి

విదేశాలు తిరిగి అక్కడి కర్మాగారాలు చూసి వచ్చిన నాయుడుగారు అనేక సాధనాలు తయారు చేశారు. చిన్న మోటారుతో నడిచే గడ్డం గీసుకునే యంత్రం, పలుచని బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసినుతో తిరిగే ఫ్యాను, ఓట్లు నమోదు చేసే యంత్రం వాటిలో కొన్ని. రేజరుకు రసాంత్ అని పేరు. దాన్ని జర్మనీలో తయారు చేయించారు. ఫొటోలు, సినిమా తీయడం ఆయనకు ఇష్టం. 1936 జనవరిలో లండనులో ఐదో జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చిత్రీకరించారు. ఆ రోజుల్లోనే మద్రాసు రాష్ట్ర ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. ఓటమిని పట్టించుకోకుండా షెడ్డుకు తిరిగి వచ్చారు.

వీటన్నిటిలో మన రైతులకు దగ్గరైనది 1937 నాటి పని. ఆ ఏడు డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి కోయంబత్తూరు పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్సులో విద్యుత్ మోటారు తయారు చేయించారు. మన దేశంలో తయారైన మొదటి మోటారు అదేనని చెబుతారు. తరువాతి కాలంలో కోయంబత్తూరు మోటార్లకు, పంపుసెట్లకు పుట్టినిల్లు అయింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో కపిల బావులు పోయి కరెంటు మోటార్లు వచ్చినప్పుడు, వాటిలో కోయంబత్తూరు పేరు చెక్కి ఉన్నవి ఎన్నో మనం చూశాము. వానదేవుడు కరుణించని సీమలో ఆ మోటారు చప్పుడు విలువ ఏమిటో మనకు తెలుసు.

1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు ఇవ్వగలనని ప్రకటించారు. రేడియో అంటే శ్రీమంతుల ఇంటి వస్తువుగా ఉన్న రోజులవి.

51వ ఏట విశ్రాంతి, ఆపైన 30 ఏళ్ల పని

మన సంఘ సభ్యులు ఈ భాగం జాగ్రత్తగా చదవాలని కోరుతున్నాను. 1944లో, 51వ ఏట, నాయుడుగారు తన మోటారు సంస్థల బాధ్యతల నుంచి తప్పుకున్నారు. పరిశోధన విద్యార్థుల వేతనాలకు, తన కార్మికుల సంక్షేమానికి నిధులు ప్రకటించారు. ఆ తరువాత ఊరికే కూర్చోలేదు. ఆయన కృషి, విరాళాల ఫలితంగా 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల వెలిశాయి. ఆ కళాశాలే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. మూడో తరగతి చదివిన మనిషి ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలుగా కూర్చున్నారు.

ఇంజనీరింగుకు నాలుగేళ్లు అక్కరలేదని, చేతిపని నేర్పుతూ చెబితే రెండేళ్లు చాలునని ఆయన వాదించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేశారు. అన్ని విషయాల్లో ఆయన మాటే సరి అని నేను చెప్పడం లేదు. వంతెన కట్టేవాడికి లెక్కలు కూడా నాలుగేళ్లు నేర్పవలసిందే కావచ్చు. ఆయనకు తొందర ఉంది, కోపమూ ఉంది. కానీ పిల్లవాడు నాలుగేళ్లు పుస్తకం పట్టుకుని ఒక్క ఇంజను కూడా విప్పకుండా బయటకు వస్తే ఏమి లాభమన్న ఆయన ప్రశ్న నేటికీ ప్రశ్నగానే ఉంది.

వ్యవసాయంలో కూడా ఆయన ప్రయోగాలు చేశారు. పత్తి, బొప్పాయి, మొక్కజొన్నలలో కొత్త రకాలు పండించారు. సర్ సి.వి. రామన్ గారు, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఆయన తోటను చూసి మెచ్చుకున్నారు. విశ్వేశ్వరయ్యగారి ముద్దేనహళ్లి మన హిందూపురానికి దక్షిణంగా, అంత దూరం కాని ఊరే.

రోడ్డెక్కని కారు

1952లో నాయుడుగారు ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారు చేశారు. వెల 2,000 రూపాయలు. సామాన్య కుటుంబానికి కూడా కారు అందుతుందన్న ఆశ అందులో ఉంది. అయితే దాన్ని పెద్ద ఎత్తున తయారు చేయడానికి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు అక్కడితో ఆగిపోయింది.

ఆనాటి పరిస్థితి కూడా చెప్పాలి. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశం. ఉక్కు తక్కువ, విదేశీ మారకం తక్కువ. 1951లో పరిశ్రమల చట్టం వచ్చింది. ఏ వస్తువు ఎవరు ఎంత తయారు చేయాలో ఢిల్లీలో నిర్ణయించేవారు. ఉన్న కొద్దిపాటి ఉక్కు దేనికి వాడాలన్న ఆలోచనలో న్యాయం లేకపోలేదు. 1991లో గానీ ఆ లైసెన్సుల పద్ధతి చాలావరకు సడలలేదు. 2008లో లక్ష రూపాయల కారు అని నానోను చూపించినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. అటువంటి ఆలోచన 56 సంవత్సరాల క్రితమే ఒక తెలుగువాడి షెడ్డులో చక్రాల మీద నిలబడి ఉండిందని ఎంతమందికి గుర్తుంది?

ఈ భాగం రాసేటప్పుడు నా కలం కాసేపు ఆగింది. నేను జీవితమంతా ఫైళ్ల వైపు కూర్చున్నవాడిని. నా సర్వీసులో ఒకప్పుడు ఒక లేతు మేస్త్రీ చిన్న రుణం కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు. ఒక అనుబంధంలో సంతకం లేదని ఒకసారి, రెవెన్యూ స్టాంపు లేదని ఒకసారి, గడువు దాటిందని ఒకసారి నేనే తిప్పి పంపాను. నిబంధన ప్రకారం మూడుసార్లూ నాది తప్పు కాదు. నాలుగోసారి అన్నీ సరిగా వచ్చి, మంజూరు కాగితం పంపితే అది తిరుగు టపాలో వచ్చింది. అతడు లేతు అమ్ముకుని బెంగుళూరులో కూలికి పోయాడని తెలిసింది. మొదటిసారే అతణ్ణి కూర్చోబెట్టి, ఏయే కాగితాలు కావాలో ఒక చీటీ మీద రాసి ఇచ్చి ఉంటే సరిపోయేది. దానికి ఏ నిబంధనా అడ్డు లేదు. నాకు ఆ ఆలోచన రాలేదు, అంతే.

హిందూపురం షెడ్డులో ఆ పుల్లీని చూసినప్పుడు నాకు తట్టినది ఇదే. నిబంధన బయటి ఇనుప కట్టు వంటిది. అది బరువుగా, ఒకే తీరుగా తిరగాలి. ప్రజల అవసరం లోపలి షాఫ్టు వంటిది. దెబ్బలన్నీ దాని మీదే పడతాయి. ఆ రెంటి నడుమ ఉన్న ఉద్యోగి రబ్బరు వంటివాడు. అతడు ఎండి గట్టిపడితే ఇంజనంతా వణుకుతుంది. ఇంకా సర్వీసులో ఉన్న మన పిల్లలకు ఈ సంగతి చెప్పాలని ఉంది.

చివరి రోజులు

కారు ఆగిపోయినా నాయుడుగారి చేతులు ఆగలేదు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో శాశ్వత పారిశ్రామిక ప్రదర్శన ఏర్పాటు చేశారు. యంత్రాలను పిల్లలు దగ్గరగా చూడాలని, ఎలా పని చేస్తాయో తెలుసుకోవాలని ఆయన కోరిక. ఒక్క పగటిలోనే పునాది నుంచి పైకప్పు దాకా ఇల్లు కట్టించి చూపించారని కూడా చెబుతారు. 1974 జనవరి 4న, 80 ఏళ్ల వయస్సులో పరమపదించారు.

ఆయన పేరిట ఉన్న ధర్మసంస్థ ఆ ప్రదర్శనను నడుపుతోంది. 2015లో అక్కడే పాత కార్ల మ్యూజియం కూడా వెలిసింది. అవినాశి రోడ్డు మీద కట్టిన 10 కిలోమీటర్ల పై వంతెనకు 2025 అక్టోబరులో జి.డి. నాయుడుగారి పేరు పెట్టి ప్రారంభించారు. లైసెన్సు దొరకని కారు తయారు చేసిన మనిషి పేరు మీదుగా నేడు వేల కార్లు పోతున్నాయి.

పళని యాత్రకో, ఊటీకో పోయే మన సభ్యులు కోయంబత్తూరులో ఒక పూట ఆగి ఆ ప్రదర్శన చూడాలని మనవి. మనవళ్లను, మనవరాళ్లను తప్పక వెంట తీసుకెళ్లండి. ఇంట్లో పాడైన ఫ్యానో, గడియారమో ఉంటే దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేముందు ఒకసారి పిల్లల చేతికి ఇవ్వండి. కరెంటు తీసేసి, పక్కన మీరు కూర్చోండి. ఏ ముక్క ఎక్కడిదో కాగితం మీద వరసగా రాయించండి. విప్పిన వరసకు వెనుక వరసలో బిగించమనండి. రెండు మరలు మిగిలిపోతే కోప్పడకండి, మళ్లీ విప్పమనండి.

మా మనవడు మొన్న ఆదివారం మా పాత టేబులు ఫ్యాను విప్పాడు. ఇంకా బిగించలేదు. ముక్కలన్నీ వసారాలో పాత పేపరు మీద వరసగా ఉన్నాయి. వాటిని ఊడ్చివేయవద్దని ఇంట్లో చెప్పి ఉంచాను.